చెరువులో చుట్టరికాలు



కైకలూరు వైపో, భీమవరం వైపో చేపల చెరువు పట్టుబడి జరిగే రోజున వలలో ఏమేం పడతాయో మనలో చాలామందికి తెలుసు. ముందుగా రాగండి. దాన్నే శీలావతి అంటాం, రోహు అంటాం. దాని పక్కన పెద్ద తలకాయతో బొచ్చె. కొన్ని చెరువుల్లో మోసు, గడ్డిచేప, బంగారుతీగ, రూప్‌చంద్ కూడా పడతాయి. గట్టు మీద నిలబడిన రైతు సైజు చూస్తాడు, కాటా చూస్తాడు, ఆ రోజు రేటు కనుక్కుంటాడు. అది అతని బతుకుదెరువు కాబట్టి చూసి తీరాలి. అయితే ఆ వలలోని చేపల్లో ఏది దేనికి చుట్టం, ఆ చుట్టరికం ఎంత దగ్గరిది, ఎప్పటిది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే కోట్ల ఏళ్ల చరిత్ర బయటపడుతుంది. ఆ చరిత్ర తెలియకుండా చేపల పెంపకం చేస్తే మన నదులు మనకిచ్చిన ఆస్తి కొద్ది తరాల్లోనే కరిగిపోతుంది. ఈ రోజు మీతో పంచుకోవాలనుకుంటున్న విషయం ఇదే.

కార్పు జాతి చేపలు, వాటి దగ్గరి బంధువులు అన్నీ కలిసి ఒక పెద్ద క్రమం. శాస్త్రంలో దాని పేరు సిప్రినిఫార్మిస్. ఇందులో 4,000 పైచిలుకు జాతులున్నాయి. మన రాగండి, బొచ్చె, వాగుల్లోని పరిగెలు, అక్వేరియంలో తిరిగే గోల్డ్‌ఫిష్, జీబ్రాచేప, హిమాలయాల్లోని మహసీర్ అన్నీ ఈ వర్గంవే. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా ఖండాల మంచినీళ్లలో ఇవి సహజంగా ఉన్నాయి. దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో సహజంగా లేవు. మనుషులు తీసుకెళ్లి వదిలినవే అక్కడ కనిపిస్తాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇవి దాదాపుగా మంచినీటి చేపలు, సముద్రం దాటలేవు. నేల ఎక్కడ కలిస్తే, ఏరు ఏరుతో ఎక్కడ కలిస్తే అక్కడిదాకానే వెళ్లగలిగాయి. అందుకే ఈ చేపల వంశచరిత్ర చదవడమంటే ఖండాలు ఎప్పుడు కలిశాయో, ఎప్పుడు విడిపోయాయో చదవడమే. మన రాగండి లేబియో అనే ప్రజాతికి చెందింది. అదే ప్రజాతి చేపలు ఈజిప్టులో నైలు నదిలోనూ ఉన్నాయి. ఆఫ్రికా, ఆసియా భూభాగాలు కలిసిన తరువాత ఆసియా నుంచి అటు వెళ్లిన పూర్వీకుల సంతతి అది. అంటే గంగలో ఈదే రోహుకు నైలు నదిలో జ్ఞాతులున్నారన్నమాట.

మన దేశం లోపల కూడా ఇలాంటి చిక్కుముడి ఒకటుంది. పడమటి కనుమల సెలయేళ్లలో రాళ్లను కరచుకుని బతికే చిన్న చేపలున్నాయి. వాటిని పోలినవి మళ్లీ ఎక్కడో తూర్పు హిమాలయాల్లో, మలయా ప్రాంతంలో కనిపిస్తాయి. మధ్యలో వందల మైళ్ల ఎడం. ఇది ఎలా సాధ్యమైంది? ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా దీనికి ఒక సమాధానం ప్రతిపాదించారు. ఒకప్పుడు వింధ్య, సాత్పురా కొండల వరస మీద చల్లని సెలయేళ్లు ఎడతెగకుండా ఉండేవనీ, ఆ దారినే చేపలు పడమటి కనుమలకు చేరాయనీ ఆయన భావించారు. దీన్నే సాత్పురా సిద్ధాంతం అంటారు. తరువాతి పరిశోధకులు ఇంకో మాట గుర్తుచేశారు. ఒకేలాంటి వడి నీటిలో బతికే చేపలు, చుట్టరికం లేకపోయినా, విడివిడిగా ఒకే రూపం దాల్చవచ్చు. పోలిక వేరు, బంధుత్వం వేరు. ఈ రెంటినీ విడదీసి చెప్పగల సాక్షి డీఎన్‌ఏ.

డీఎన్‌ఏ దగ్గరికి వచ్చే ముందు శరీరం చెప్పే సాక్ష్యం కాస్త చూద్దాం. రాగండి నోరు తెరిచి వేలితో తడిమితే దవడల మీద ఒక్క పన్ను తగలదు. పళ్లు లేవా అంటే ఉన్నాయి, గొంతులో ఉన్నాయి. చివరి మొప్ప విల్లు మీద వరసగా ఉంటాయి. కార్పులన్నీ గొంతుపళ్లతోనే మేత నలుపుకుంటాయి. ఏ చేప ఏం తింటుందో దాన్ని బట్టి ఆ పళ్ల ఆకారం మారుతుంది. గడ్డిచేపకు గడ్డి కోసి చీల్చే పళ్లు. నత్తలను కూడా నమిలే బంగారుతీగకు చదునుగా, గట్టిగా ఉండే పళ్లు.

రెండో సాక్ష్యం చెవి. 1820లో ఎర్నెస్ట్ హైన్రిఖ్ వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ చేపల్లో ఒక చిన్న ఎముకల గొలుసును వర్ణించాడు. వెన్నెముక ముందరి పూసల నుంచి ఏర్పడిన ఆ ఎముకలు కడుపులోని గాలితిత్తిని లోపలి చెవికి కలుపుతాయి. నీటిలో శబ్దం పుట్టగానే గాలితిత్తి కంపిస్తుంది, ఆ కంపనాన్ని ఎముకలు చెవికి చేరవేస్తాయి. అందువల్ల కార్పులకు వినికిడి చురుకు ఎక్కువ. ఇదే ఏర్పాటు జెల్లలకు, వాలుగకు, పంగాస్‌కు, అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన రూప్‌చంద్‌కు కూడా ఉంది. రూప్‌చంద్ పిరానాకు దగ్గరి బంధువు, దాని దవడల నిండా పళ్లే. పళ్ల విషయంలో రాగండికీ దానికీ పొత్తే లేదు. అయినా ఈ చెవి ఎముకలు రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి, చాలా వెనకటి కాలంలో వాటికి ఒకే మూలపురుషుడు ఉన్నాడని చెప్పగలుగుతున్నాం. అదే చెరువులో పెరిగే కొర్రమీనుకు గానీ, తిలాపియాకు గానీ ఈ ఎముకల గొలుసు లేదు. అవి వేరే వంశం.

ఇక పేర్ల సంగతి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గంగానది చేపల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ ఊరూరా తిరిగి, జాలరుల నోట విన్న పేర్లతో సహా చేపలను నమోదు చేసిన మనిషి ఆయన. శాస్త్రీయ నామాల్లోని రోహిత, కట్ల, మృగాల అనే మాటలు అలా వచ్చినవే. రోహును, బొచ్చెను, మోసును, చివరికి వేలెడంత కూడా లేని జీబ్రాచేపను కూడా ఆయన సిప్రినస్ అనే ఒకే ప్రజాతి కింద పెట్టాడు. తరువాత వచ్చినవారు ఇది మరీ పెద్ద గంప అనుకుని వేరు చేయడం మొదలుపెట్టారు. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. రోహుకు అంచులు చీలిన పెదవులు, నడిమి నీటిలో మేత. రూపంలో ఇంత తేడా ఉంది కాబట్టి బొచ్చెకు ప్రత్యేకంగా కట్ల అనే ప్రజాతినే కట్టబెట్టారు. చాలాకాలం పుస్తకాల్లో అది అలాగే నడిచింది.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక లెక్క మారింది. బొచ్చె జన్యువులను రోహు జన్యువులతోనూ, లేబియో ప్రజాతిలోని ఇతర చేపల జన్యువులతోనూ పోల్చి చూస్తే, బొచ్చె ఆ కుటుంబం లోపలే కూర్చుంది. తల పెరగడం, నోరు పైకి తిరగడం అన్నవి మేత కోసం త్వరగా వచ్చిన మార్పులు. ఇంటిపేరు మాత్రం రోహుదే. అందుకే ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు దాన్ని లేబియో కట్ల అని రాస్తున్నారు. రెండింటిలోనూ కణానికి 50 క్రోమోజోములే, అంటే 25 జతలు. మోసుకూ అంతే. ఈ మూడు చేపల దగ్గరి బంధుత్వాన్ని గుర్తుపెట్టుకోండి. కాసేపటిలో చేపపిల్లలను పుట్టించే హేచరీ దగ్గరికి వెళ్లినప్పుడు ఇదే అసలు సమస్యకు మూలమని తెలుస్తుంది.

మరి గడ్డిచేప సంగతేమిటి? ఒకే చెరువులో రోహుతో కలిసి పెరిగే గడ్డిచేప రోహుకు దగ్గరి చుట్టమని మనం అనుకుంటాం. కాదు. జన్యువుల లెక్క ప్రకారం గడ్డిచేప రోహుకన్నా జీబ్రాచేపకే దగ్గర. పది కిలోలు దాటి పెరిగే గడ్డిచేప, ఒకటిన్నర అంగుళాల జీబ్రాచేప ఒక కొమ్మ మీద ఉన్నాయి. రోహు, బంగారుతీగ ఇంకో కొమ్మ మీద ఉన్నాయి. గడ్డిచేప, జీబ్రాచేప వంశాలు విడిపోయి సుమారు 5 కోట్ల సంవత్సరాలైందని 2015లో గడ్డిచేప జన్యుపటం ప్రచురించిన చైనా శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ పటంలో ఇంకో సంగతి బయటపడింది. జీబ్రాచేపకు 25 జతల క్రోమోజోములుంటే గడ్డిచేపకు 24 జతలే. ఒక జత ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. గడ్డిచేప పూర్వీకుల్లో ఒకప్పుడు రెండు క్రోమోజోములు ఒకదానితో ఒకటి అతుక్కుని ఒక్కటయ్యాయి. అతుకు జాడ ఇప్పటికీ చదవవచ్చు.

ఇంతవరకు చెప్పింది వంశాలు విడిపోవడం గురించి. కార్పుల చరిత్రలో అసలు విశేషం వంశాలు కలవడం.

బంగారుతీగకు కణానికి 100 క్రోమోజోములున్నాయి. రోహుకున్నదానికి సరిగ్గా రెండింతలు. ఇది యాదృచ్ఛికం కాదని 1967లో సుసుము ఓనో, ఆయన సహచరులు గట్టిగా చెప్పారు. ఈ చేప పూర్వీకుల్లో మొత్తం జన్యుసంపద ఒక్కసారిగా రెట్టింపైందన్నది వారి వాదన. కొత్త జన్యువులు పుట్టడానికి పాత జన్యువుల కాపీలే ముడిసరుకు అన్న ఆలోచనను ఓనో 1970లో ఒక పుస్తకంగానే రాశారు. 2014లో బంగారుతీగ జన్యుపటం వెలువడి, ఆ తరువాత మరింత లోతుగా పరిశీలించాక ఆయన మాట నిజమని తేలింది. అంతేకాదు, అది ఉట్టి రెట్టింపు కూడా కాదు. కోటి ఏళ్లకు పైబడిన కాలం కిందట రెండు వేరువేరు జాతుల చేపలు కలిశాయి. ఒక్కొక్కదానికి 25 జతలు. ఆ కలయికలో పుట్టిన సంకర సంతానంలో ఇద్దరి క్రోమోజోములూ మొత్తంగా రెట్టింపై 50 జతలయ్యాయి. అదే ఇప్పటి బంగారుతీగకూ, గోల్డ్‌ఫిష్‌కూ మూలం.

ఎందుకు రెట్టింపు కావాలి? సంతానకణాలు తయారయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోమూ తన జతను వెతుక్కోవాలి. కాడికి రెండు వైపులా సరిజోడు ఎడ్లు ఉంటేనే బండి కదిలినట్టు, జత కుదిరితేనే గుడ్డు గానీ, వీర్యకణం గానీ సవ్యంగా తయారవుతుంది. రెండు దూరపు జాతులు కలిసి పుట్టిన బిడ్డలో తల్లి క్రోమోజోముకు తండ్రి వైపు సరైన జోడు దొరకదు. అలాంటి చేప బతకవచ్చు గానీ పిల్లల్ని కనలేదు. రోహునూ బంగారుతీగనూ కలిపి చూశారు. రోహు నుంచి 25, బంగారుతీగ నుంచి 50, మొత్తం 75 క్రోమోజోములతో పిల్లలు పుట్టాయి. అవి గొడ్డుపోయాయి. అదే మొత్తం సరుకు రెట్టింపైతే ప్రతి క్రోమోజోముకూ అచ్చం తనలాంటిదే ఇంకొకటి దొరుకుతుంది. వంశం నిలుస్తుంది. బంగారుతీగ పూర్వీకుల్లో జరిగింది అదే.

ఇలాంటి రెట్టింపు ఈ ఒక్క వంశంలోనే కాదు, కార్పు బంధువర్గంలో చాలాసార్లు విడివిడిగా జరిగింది. మన మహసీర్లకూ 100 క్రోమోజోములే. ఉత్తర అమెరికాలోని సక్కర్ చేపలు కూడా అలా రెట్టింపైనవే. ఇథియోపియాలో తానా సరస్సు చేపలు ఇంకో మెట్టు ఎక్కి 150 దగ్గరికి చేరాయి. గోల్డ్‌ఫిష్‌కు దగ్గరి బంధువైన గిబెల్ కార్పు కూడా దాదాపు అంతే, దాని పద్ధతి మరీ విచిత్రం. ఆడచేప గుడ్లు పెడుతుంది. వేరే జాతి మగచేప వీర్యం గుడ్డును తట్టిలేపుతుందే తప్ప, తండ్రి జన్యువులు సాధారణంగా బిడ్డలోకి చేరవు. తల్లికి నకలుగా ఆడపిల్లలే పుడుతుంటాయి.

కాపీలుండటం వల్ల చేపకు ఏం లాభం? దీనికి నీలగిరుల నుంచే ఒక ఉదాహరణ చెప్పవచ్చు. 1939లో బంగారుతీగను శ్రీలంక నుంచి ఊటీకి తెచ్చారు. అందులో ఒంటినిండా పొలుసులున్నవీ, అక్కడక్కడా అద్దపు బిళ్లల్లాంటి పెద్ద పొలుసులు మాత్రమే ఉన్న మిర్రర్ కార్పులూ ఉన్నాయి. ఐరోపాలో పొలుసు గీకే శ్రమ తగ్గుతుందని ఇలాంటివాటిని ఏరి పెంచారు. పొలుసులు ఎందుకు తగ్గాయో 2009లో తెలిసింది. ఎదుగుదలకు అవసరమైన ఒక జన్యువులో మార్పు వచ్చింది. ఎలుకలో అదే జన్యువు పనిచేయకపోతే పిండం దశలోనే చనిపోతుంది. చేపల్లో ఆ జన్యువుకు కాపీలున్నాయి. ఒక కాపీ చెడినా ప్రాణానికి కావలసిన పని ఇంకోటి చూసుకుంది, పొలుసు మాత్రమే తగ్గింది. జన్యువుల్లో నిల్వ ఉన్నవాడికి మార్పును తట్టుకునే వీలు ఉంటుంది. ఈ సూత్రం హేచరీ విషయంలో మళ్లీ వస్తుంది.

ఈ కుటుంబంలోని బుల్లిచేప మన ఆరోగ్యశాస్త్రానికి చేసిన మేలు కూడా చెప్పుకోవాలి. గంగా మైదానంలోని కాలవల్లో, పొలాల నీళ్లలో బతికే జీబ్రాచేపను అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ ప్రయోగశాల చేపగా తీర్చిదిద్దారు. దాని గుడ్డు పారదర్శకం, లోపల గుండె కొట్టుకోవడం కంటితో చూడవచ్చు. 2013లో ప్రచురించిన పూర్తి జన్యుపటం ప్రకారం, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక సాటి జన్యువు ఉంది. 2005లో చారలు వెలిసిపోయిన ఒక జీబ్రాచేపను పరిశీలిస్తూ, మనుషుల చర్మపు రంగును నిర్ణయించే ముఖ్య జన్యువుల్లో ఒకదాన్ని పట్టుకున్నారు. అదే జన్యువు దక్షిణాసియా ప్రజల్లో ఎలా విస్తరించిందో వివరించిన 2013 నాటి పరిశోధనలో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. గంగ ఒడ్డు చేప దగ్గర మొదలైన ప్రశ్న మన ఒంటి రంగు దాకా వచ్చిందంటే, ఈ చుట్టరికం ఎంత దూరం పాకిందో చూడండి.

శ్రోతలారా, ఇప్పుడు మళ్లీ మన చెరువు గట్టుకు వద్దాం.

రోహు, బొచ్చె, మోసు నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు వరద కావాలి, పారే నీరు కావాలి. ఒకప్పుడు పిల్లల కోసం నదికి వెళ్లి వల కట్టాల్సి వచ్చేది. అన్ని జాతుల పిల్లలూ కలగాపులగంగా దొరికేవి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూషగ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్పుల చేత చెరువు దగ్గరే గుడ్లు పెట్టించారు. దేశంలో చేపల పెంపకం దశ తిరిగింది. ఆ తేదీనే నేటికీ జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నాం. ఒక చేప గ్రంథి రసం ఇంకో జాతి చేపలో కూడా పనిచేస్తుంది. బంగారుతీగ గ్రంథులను దాచి రోహుకు వాడినవారు ఎందరో. ఒకదాని హార్మోను భాష ఇంకోదానికి అర్థం కావడం కూడా చుట్టరికానికి రుజువే.

అయితే ఆ దగ్గరి చుట్టరికమే ఇప్పుడు చిక్కు తెచ్చిపెట్టింది. రోహు, బొచ్చె, మోసు ఒకదానితో ఒకటి కలిస్తే పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్లో క్రోమోజోములు సరిజోడు కుదురుతాయి కాబట్టి, రోహు-బొచ్చె సంకరాలు గొడ్డుపోవు, మళ్లీ పిల్లల్ని కంటాయి. గుండ్రటి తొట్టె హేచరీలో నీరు తిరుగుతుంటుంది. చోటు కలిసొస్తుందని రెండు మూడు జాతుల తల్లిచేపలకు, మగచేపలకు ఒకే రాత్రి సూది వేసి ఒకే తొట్టెలో వదిలితే, గుడ్లూ వీర్యమూ నీటిలోనే కలుస్తాయి. ఏది దేనితో కలిసిందో ఎవరికీ తెలియదు. పుట్టిన పసిపిల్లల గుంపు, అంటే స్పాన్, కంటికి ఒకే రకంగా ఉంటుంది. రోహు అని కొన్నదానిలో సంకరం కలిసి ఉన్నా రైతు పసిగట్టలేడు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరీక్షిస్తే కూడా తల్లి జాతి ఒక్కటే బయటపడుతుంది, తండ్రి పేరు దాగిపోతుంది. కేంద్రకంలోని జన్యువులను చూస్తేనే సంకరం పట్టుబడుతుంది.

ఆ సంకరాలను తినడానికి పట్టేస్తే నష్టం ఆ చెరువు వరకే. తల్లిచేపలుగా ఎంచుకుంటే తరతరానికీ కల్తీ పెరుగుతుంది. గట్టు తెగి, వరదొచ్చి నదిలో కలిస్తే అసలు నది చేపల రక్తమే మారిపోతుంది. బొచ్చె పైనీటి మేతకు, రోహు నడిమి నీటి మేతకు, మోసు అడుగు మేతకు ఏర్పడటానికి ఎన్నో లక్షల ఏళ్లు పట్టింది. ఒకే చెరువులో మూడింటినీ కలిపి పెంచితే మేత కోసం కొట్టుకోకుండా దిగుబడి వస్తుందన్న మన లెక్కకు ఆధారం ఆ తేడాయే. ఆ తేడా చెరిగిపోతే లెక్కా తప్పుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. బంగారుతీగ కూడా సంకరంగానే పుట్టిందిగదా, మరి మనం చేస్తే తప్పేమిటి? ప్రకృతిలో అలాంటి కలయికలు ఎన్నో జరిగి ఉంటాయి. నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నిలవనివన్నీ పోయాయి. ఆ ఏరివేతకు లక్షల ఏళ్ల వ్యవధి ఉంది, పక్కనే మూలజాతుల నిల్వలూ చెక్కుచెదరకుండా ఉండేవి. మన హేచరీలో ఏరివేత లేదు, వ్యవధి లేదు, మూలజాతి ఎక్కడైనా భద్రంగా ఉందన్న భరోసా కూడా లేదు.

రెండో సమస్య రక్తసంబంధం. ఒక రోహు తల్లి కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. కొద్ది తల్లిచేపలతోనే ఒక హేచరీ ఏడాదంతా నడిచిపోతుంది. ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లిచేపలను ఎంచుకుంటే అన్నాచెల్లెళ్లకే జత కట్టించినట్టవుతుంది. కర్ణాటక హేచరీలను పరిశీలించిన ఒక అధ్యయనం 1990లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది. జన్యువుల్లో నిల్వ తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

చుట్టరికం తెలియకపోతే ఏమవుతుందో కావేరి చెప్పింది. ఆ నదిలో మాత్రమే ఉండే మూపురపు మహసీర్ ప్రపంచంలోని అతి పెద్ద మహసీర్లలో ఒకటి. దానికి సరైన శాస్త్రీయ నామం ఖరారు కాకముందే, మహారాష్ట్రలో హేచరీ పిల్లలుగా పెంచిన వేరే మహసీర్ జాతిని కావేరిలో వదిలారు. ఉద్దేశం మంచిదే, నదిలో చేపలు పెరగాలని. వచ్చిన జాతి విస్తరించింది, సొంత జాతి తరిగింది. 2018లో ఆ సొంత జాతి టోర్ రెమాదేవి అని తేల్చిచెప్పేసరికి, అది అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు చేరాల్సి వచ్చింది.

మంచి దారి కూడా మన దేశమే చూపింది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తల సహకారంతో రోహు మీద ఒక పని చేపట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల నుంచి రోహు చేపలను తెచ్చి, సంస్థ దగ్గరున్న చేపలతో కలిపి, ప్రతి కుటుంబాన్నీ విడిగా గుర్తుపెట్టుకుంటూ, బాగా ఎదిగినవాటిని తరతరానికీ ఎంచుకున్నారు. తరానికి సుమారు 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా 1997లో దానికి జయంతి రోహు అని పేరు పెట్టి విడుదల చేశారు. దీని కిటుకు నేను ముందు చెప్పిన సూత్రమే. ఐదు నదుల జన్యు నిల్వ చేతిలో ఉంది కాబట్టి ఏరుకోవడానికి సరుకుంది. ఆ నదుల్లో అసలు రోహు అప్పటికే కల్తీ అయి ఉంటే జయంతి పుట్టేదే కాదు.

తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ చెరువుల చేప దేశం నలుమూలలకూ వెళుతోంది. ఇన్ని కోట్ల పిల్లలు ఇన్ని నీళ్లలోకి వెళుతున్నప్పుడు, ఆ పిల్లల పుట్టుక శుద్ధంగా ఉండటం ఒక్క హేచరీ యజమాని సొంత విషయం కాదు.

అందుకని హేచరీ నడిపేవారికి నా మనవి. ఒక తొట్టెలో ఒకే జాతికి సూది వేయండి. తల్లిచేపలు ఎక్కడివో, ఎప్పుడు తెచ్చారో పుస్తకంలో రాసి ఉంచండి. కొన్నేళ్లకొకసారి వేరే చోటి నుంచి, నమ్మకమైన బ్రూడ్ బ్యాంకు (మేలిరకం తల్లిచేపలను ఉంచే కేంద్రం) నుంచి కొత్త తల్లిచేపలు తెచ్చుకోండి. అనుమానంగా కనిపించిన చేపను తల్లిచేపల చెరువులో వదలకండి, బజారుకు పంపండి. రైతు సోదరులకు నా మనవి. స్పాన్ కొనేటప్పుడు ధర అడిగినట్టే తల్లిచేపల సంగతీ అడగండి. అడిగేవాడు ఉంటే జవాబు చెప్పేవాడు తయారవుతాడు. చెరువు ఎండగట్టేటప్పుడు మిగిలిన చేపలను కాలువలోకి, వాగులోకి తోసెయ్యకండి. పాలనలో ఉన్నవారికి నా మనవి. గంగా తీరంలో గానీ, కృష్ణా గోదావరుల్లో గానీ ఇంకా మిగిలి ఉన్న అసలు నది చేపల ఆవాసాలను గుర్తించి కాపాడండి. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ కార్పుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి నిల్వ చేసే పద్ధతులను రూపొందించింది. ఆ నిల్వలో మన తెలుగు నేల నదుల చేపలకూ చోటుండాలి.

విద్యార్థులకు ఒక్క మాట. ఈసారి మీ ఊరి చెరువులో వల వేసినప్పుడు ఒక పరిగెను, ఒక రాగండిని, ఒక గడ్డిచేపను పక్కపక్కన పెట్టి చూడండి. నోరు ఎటు తిరిగింది, పెదవి ఎలా ఉంది, పొలుసు ఎంత ఉంది, రాసుకోండి. హామిల్టన్ రెండు వందల ఏళ్ల కిందట చేసింది అదే పని. ఆయన కంటితో రాసిన చుట్టరికాలను జన్యువులతో సరిచూసే అవకాశం మీ తరానికి దక్కింది. ఆ పనికి పూనుకునేవారు మన పల్లెల నుంచే రావాలని, మన చెరువుల్లో రోహు రోహుగా, బొచ్చె బొచ్చెగా నిలవాలని మనసారా కోరుకుంటున్నాను.